షానన్ ఒడ్డున కార్మెనేర్

అత్లోన్‌లో కోటకు ఇవతల, షానన్ నది పడమటి ఒడ్డున ఉన్న సన్నటి వీధిలో నూలా గెరటీ అనే పెద్దావిడకు ఒక వైన్ దుకాణం ఉంది. ఇక్కడివాళ్లు అలాంటి దుకాణాన్ని ఆఫ్ లైసెన్స్ అంటారు. సీసా కొనుక్కుని ఇంటికి తీసుకుపోవలసిందే, అక్కడ కూర్చుని తాగడం ఉండదు. ఊళ్లో ఉన్న తెలుగువాళ్లం ఆ గుమ్మం తొక్కేది తక్కువ. తొక్కినా అటూ ఇటూ చూసి తొక్కేవాళ్లం. అలాంటి చోట 2020 నుంచీ కౌంటర్ వెనక నిలబడుతున్నది మహీధర్ అని మా ఆవిడ వర్షిణి చూసొచ్చి చెప్పినప్పుడు మాలో చాలామంది నమ్మలేదు. దీపావళి భోజనాల్లో ఎవరైనా బీరు సీసా బయటికి తీస్తే, గిన్నెలు కడిగే నెపం మీద లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషి అతను.

అతనిది నెల్లూరు జిల్లా ఆత్మకూరు. తండ్రి సారా తాగి తాగి నలభై నిండకుండానే పోయాడు. ఆ రోజుల గురించి మహీధర్ మాట్లాడడు. ఒక్కసారి మాత్రం, బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు, నేనేమీ అడక్కుండానే అన్నాడు. "మా నాయన ఇంటికొచ్చే అడుగుల చప్పుడును బట్టి ఆ పొద్దు మాకు కూడు ఉంటదో లేదో తెలిసేది సార్." అంతే, ఆ తర్వాత బస్సు వచ్చింది.

తల్లి జయమ్మ అన్నగారి అండతో అతన్ని పెంచింది. ఆ అన్నగారి కూతురే సుధేష్ణ. చిన్నప్పటి నుంచీ బావా బావా అని వెనక తిరిగిన పిల్ల. పెద్దయ్యాక ఇద్దరికీ పెళ్లి చేశారు. చదువులో ఆమె చురుకు. అత్లోన్‌లో సాఫ్ట్‌వేర్ ఎమ్మెస్సీకి సీటు తెచ్చుకుని ముందు వచ్చింది, ఉద్యోగం దొరికాక అతన్ని రప్పించుకుంది. నెల్లూరులో రొయ్యల మేత కంపెనీలో పనిచేసిన మహీధర్‌కు ఇక్కడ ఒక హోటల్ వంటింట్లో పని దొరికింది. చేతికి రుచి తెలిసినవాడు కాబట్టి గిన్నెలు తోమడం దగ్గర మొదలుపెట్టి కూరలు తరగడం దాకా, అక్కణ్ణించి పొయ్యి దాకా త్వరగానే వెళ్లాడు. ఇల్లు పాత కాలువ పక్కన. చిన్నదే. ఇద్దరికీ సరిపోయేది.

2020 సంక్రాంతి వెళ్లిన వారానికి సుధేష్ణను ఆఫీసువాళ్లు ఒక బ్యాంకు పని మీద చిలీ రాజధాని సాంటియాగో పంపారు. మూడు నెలల పని. డబ్లిన్ విమానాశ్రయంలో ఆమె అతని జేబులో ఇంటి తాళం పెట్టి, "ఈస్టర్‌కి వచ్చేస్తా బావా. పచ్చళ్లన్నీ నువ్వే తినెయ్యమాక" అని నవ్వుతూ లోపలికి వెళ్లింది.

మార్చి వచ్చేసరికి లోకం తలుపులు మూసుకుంది. హోటల్ మూసేశారు. సుధేష్ణ టికెట్ రద్దయింది. మరొకటి కొన్నారు, అదీ రద్దయింది. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు దాటకూడదన్నారు, వంతెన దగ్గర గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, నిలబడి ఎక్కడికని అడిగేవారు. వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమరను ఇక్కడ హాట్ ప్రెస్ అంటారు, బట్టలు తడి లేకుండా అందులో పెడతారు. అందులో సుధేష్ణ నీలం స్వెటర్ ఒకటి మిగిలింది. చలిగా ఉన్న పొద్దున మహీధర్ ఆ తలుపు తెరిచి, వెచ్చగా ఉన్న ఆ ఉన్ని మీద కాసేపు చెయ్యి పెట్టి, మళ్లీ మూసేవాడు. ఎవరికీ చెప్పుకోలేదు. చాలా రోజుల తర్వాత సుధేష్ణకే చెప్పాడు.

అక్కడ ఆమె పరిస్థితి అంత బాగోలేదు, అంత చెడ్డగానూ లేదు. ఎలేనా అనే ఒంటరి పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. సాంటియాగోలో జబ్బు ముదురుతోందని ఎలేనా తన అన్నగారింటికి ప్రయాణం కట్టి, "నిన్ను ఒక్కదాన్నీ ఇక్కడ వదిలి వెళ్లను" అని సుధేష్ణను కూడా వెంటబెట్టుకుపోయింది. దక్షిణాన కొల్చాగువా అనే లోయ. ఒక పక్క ఆండీస్ కొండలు, రెండో పక్క కొంచెం దూరంలో సముద్రం. మధ్యలో ఎటు చూసినా ద్రాక్ష తోటలు. ఆఫీసు పని కంప్యూటర్‌లోనే కాబట్టి ఎక్కడ కూర్చున్నా ఒకటే. కిటికీలోంచి వీడియో తీసి పంపేది. అక్కడ శరత్కాలం, ఆకులు రంగు మారుతున్నాయి. ఇక్కడ కాలువ గట్టున చిగుళ్లు వేస్తున్నాయి. ఫోన్‌లో ఆ ఎర్రటి తోటను చూసి తలెత్తితే కళ్ల ముందు లేత ఆకుపచ్చ. ఆమె తన కంటే అర సంవత్సరం దూరంలో ఎక్కడో బతుకుతున్నట్టు అనిపించేదని అతను చెప్పేవాడు.

ఏప్రిల్‌లో నూలా నుంచి ఫోన్ వచ్చింది. హోటల్‌కు వైన్ పెట్టెలు ఆవిడ దుకాణం నుంచే వచ్చేవి, మహీధరే వెళ్లి మోసుకొచ్చేవాడు. ఆవిడకు డెబ్బై దాటాయి. డెబ్బై దాటినవాళ్లు ఇంట్లోంచి కదలవద్దని ప్రభుత్వం చెప్పింది. దుకాణం చూసే మేనల్లుడు గాల్వేలో చిక్కుకుపోయాడు. సరుకుల దుకాణాలతో పాటు ఆఫ్ లైసెన్సులు తెరిచి ఉంచవచ్చు, కానీ కౌంటర్‌లో నిలబడేందుకు మనిషి లేడు.

"నువ్వు ఎప్పుడూ ఒక్క సీసా పగలగొట్టలేదు" అంది నూలా. "నువ్వు తాగవని కూడా విన్నాను. నాకు ఆ రెండు గుణాలూ కావాలి."

మహీధర్ ఆ పూటంతా ఆలోచించాడు. నాలుగు గోడల మధ్య సుధేష్ణ లేని ఇల్లు మీద పడుతోంది. మర్నాడు పొద్దున వెళ్లి షట్టర్ ఎత్తాడు. సుధేష్ణకు మాత్రం "ఒక షాపులో పని దొరికింది" అన్నాడు. "ఏం షాపు?" అంటే "అన్నీ ఉంటాయిలే" అన్నాడు.

నూలా దుకాణం పైనే ఉండేది. పనులన్నీ మెట్ల మీదుగా నడిచేవి. ఆవిడ పై మెట్టు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ పెట్టె ఎక్కడ పెట్టాలో, ఎవరికి ఏది ఇవ్వాలో చెప్పేది. మహీధర్ కింద నిలబడి వినేవాడు. సీసాల మీది పేర్లు అతనికి నోరు తిరిగేవి కావు, ఆవిడ పలికించేది. భర్త పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. ఆ మెట్ల మధ్య మాటలు ఆవిడకూ అవసరమే.

మే మధ్యలో ఒక ఆదివారం సుధేష్ణ ఫోన్ చేసింది.

"బావా, ఈ పొద్దు ఒక పని చేసినా. కోప్పడకుండా విను."

"చెప్పు."

"ఎలేనా వాళ్ల అన్న తోటలో చివరి గుత్తులు కోసేసినారు. కోత అయిపొయ్యిన రోజు పనోళ్లూ ఇంట్లోవాళ్లూ అందరూ కలిసి తింటారు ఈడ. పెరట్లో దూరం దూరంగా కుర్చీలేసినారు. నాకూ ఒక గ్లాసులో వైన్ పోసినారు. వద్దనలేకపోయినా. కొంచెం తాగినా."

మహీధర్ లేచి వెళ్లి పొయ్యి కట్టేశాడు.

"బావా, ఉండావా?"

"మా నాయన సంగతి తెలిసి కూడానా సుధా?"

"మామ సంగతి నాకు తెలవదా? అత్త మా ఇంటికి ఎన్నిసార్లు పరిగెత్తుకొచ్చిందో నేను చూళ్లేదా? ఇది అట్టాంటిది కాదు. వీళ్లు కూడులో నంజుకునే దాని మాదిరి పెట్టుకుంటారు. ఒకటి తాగి పళ్లెం కడిగేసుకుని పొయ్యి పడుకుంటారు."

"పేరు మారిస్తే మందు కాకుండా పోతదా?"

ఆమె గొంతు మారింది.

"నువ్వు ఏ షాపులో చేస్తా ఉండావు బావా?"

అతను జేబులోని దుకాణం తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"వర్షిణి చెప్పింది, నిన్ను ఆ షాపులో చూసినానని. నెల నుంచీ తెలుసు నాకు. నువ్వే చెప్తావని చూస్తా ఉండా. పొద్దస్తమానం నువ్వు అమ్మొచ్చు. ఇంత దూరంలో ఒక్కదాన్నే ఉండి నేను ఒక గుక్క తాగితే నాయన గుర్తొచ్చినాడా నీకు?"

మహీధర్ ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఇద్దరి మధ్యా మాటలు లేవు. రోజూ ఒక మెసేజీ మాత్రం వచ్చేది, "తిన్నావా?" అని. "తిన్నా" అని జవాబు. మళ్లీ ఇతను "నువ్వు?" అని. "తిన్నా." దెబ్బలాటలో కూడా ఆ రెండు మాటలు మానలేదు ఇద్దరూ. కానీ గొంతు వినని ఆ రోజులు అతనికి లాక్‌డౌన్ కంటే కష్టమయ్యాయి. ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చునేవాడు కాదు, ఎదురుగా తన కుర్చీలోనే కూర్చుని తినేవాడు. ఒకసారి కాలువ గట్టు మీద ఎవరో అమ్మాయి ఆమెలా నడుస్తుంటే వంతెన దాకా వెనకే వెళ్లి, మొహం చూసి వెనక్కి వచ్చాడు.

జూన్ మొదట్లో సరుకు వచ్చింది. ఒక అట్టపెట్టె కోసి సీసాలు అరలో పెడుతుంటే, ఒకదాని మీద అక్షరాలు కూడబలుక్కున్నాడు. కొల్చాగువా. ఆ పేరు అతను ఫోన్‌లో విని ఉన్నాడు తప్ప రాసి ఉండగా చూడలేదు. సీసా పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్లాడు.

"ఇది ఎక్కడిది?"

నూలా కళ్లజోడు సవరించుకుంది. "చిలీ. కార్మెనేర్ అనే ద్రాక్ష. ఎందుకు, మీ ఆవిడ అక్కడే ఉందన్నావు కదా?"

"ఈ లోయలోనే."

ఆవిడ కాసేపు అతన్ని చూసింది. భార్యాభర్తలు మాట్లాడుకోవడం లేదని ఆవిడకు ఎప్పుడో అర్థమైంది, అడగలేదు. ఆ ద్రాక్ష సంగతి చెప్పడం మొదలుపెట్టింది. దాని సొంత ఊరు ఫ్రాన్సులో బోర్డో. అక్కడ ద్రాక్ష తీగల వేళ్లకు పురుగు పట్టి తోటలన్నీ నాశనమైనప్పుడు ఈ రకం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అంతకుముందే కొన్ని మొక్కలు ఓడలో చిలీ చేరాయి. అక్కడివాళ్లు దాన్ని మెర్లో అనే ఇంకో రకం అనుకుని వందేళ్లకు పైగా ఆ పేరుతోనే పెంచారు. మెర్లో పండిన నెల తర్వాత గానీ ఇది పండదు, అయినా ఎవరికీ అనుమానం రాలేదు. మొన్న మొన్న, 1994లో, ఒక ఫ్రెంచి నిపుణుడు తోటలో నడుస్తూ ఆకులు చూసి, ఇది మెర్లో కాదు, మా దగ్గర పోయిందనుకున్న కార్మెనేర్ అని గుర్తుపట్టాడు.

"కార్మైన్ అంటే ముదురు ఎరుపు" అంది నూలా. "శరత్కాలంలో దాని ఆకులు ఆ రంగుకు తిరుగుతాయి. అందుకే ఆ పేరు."

మహీధర్ ఆ ఆకుల్ని చూశాడు. సుధేష్ణ పంపిన వీడియోలో, ఆమె కిటికీ అవతల.

"తెరువు" అంది నూలా. "ఒక గ్లాసు ఇక్కడ మెట్టు మీద పెట్టు, నాకు. నీకు ఒకటి పోసుకో. తాగమనడం లేదు. వాసన చూడు. నువ్వు అమ్మే సరుకు ఏమిటో నీకు తెలియాలి కదా."

అతను గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది. ఏ వాసన వస్తుందని భయపడ్డాడో అతనికి తెలుసు. నులక మంచం, చెమట, పులిసిన సారా, వాంతి. అవేవీ రాలేదు. మొదట వచ్చింది పచ్చి క్యాప్సికం నూనెలో వేగుతున్న వాసన. తర్వాత మిరియాలు. ఆ వెనక బాగా మాగిన నేరేడు పళ్లు. గ్లాసు తిప్పి మళ్లీ చూశాడు. ఎక్కడో కాస్త పొగ కూడా ఉంది.

"క్యాప్సికం" అన్నాడు.

"అదే" అంది నూలా పై మెట్టు మీద నుంచి. "చాలామందికి ఆ మాట నేను చెప్పాల్సి వస్తుంది."

దుకాణం కట్టేసి ఇంటికి వెళుతూ కాలువ గట్టునే నిలబడి ఫోన్ చేశాడు. ఇక్కడ సాయంత్రం, అక్కడ మధ్యాహ్నం. మొదటి రింగుకే ఆమె ఎత్తింది.

"సుధా, నువ్వు తాగిన దాంట్లో క్యాప్సికం వాసన వచ్చిందా?"

అటువైపు ఊపిరి వినిపించింది. "వచ్చింది బావా. మిరియాల వాసన కూడా." తర్వాత ఆమె ఏడ్చింది. ఇతను గట్టు మీద కూర్చుండిపోయాడు. ఇద్దరూ ఎవరిది తప్పో మాట్లాడుకోలేదు. "షాపు సంగతి ముందే చెప్పాల్సింది నీకు" అని మాత్రం అతను అన్నాడు. "నేను కూడా వర్షిణి చెప్పిన రోజే అడగాల్సింది" అంది ఆమె.

ఆ వచ్చిన ఆదివారం నుంచి కొత్త అలవాటు మొదలైంది. అక్కడ మధ్యాహ్న భోజనం వేళకు ఇక్కడ రాత్రి భోజనం వేళ అవుతుంది. ఇద్దరూ ఫోన్లు ఎదురుగా నిలబెట్టుకుని తినేవారు. మొదటి వారం మహీధర్ గ్లాసులో రెండు చెంచాల వైన్ పోసుకుని, ఒక గుక్క నోట్లో పెట్టుకున్నాడు.

"ఎట్ట ఉంది?" అంది ఆమె.

"వగరుగా ఉంది. నాలుక మీద ముతక గుడ్డ రుద్దినట్టు. ఆ తర్వాత బాగుంది."

ఆ రెండు చెంచాల మీద అతను ఎన్నడూ ఎక్కువ పోసుకోలేదు, ఇవాళ్టికీ పోసుకోడు. కానీ దానికి తోడు ఏది వండాలనే విషయంలో పట్టుదల పెరిగింది. సుధేష్ణ ఎలేనా చేసే వంటలు చెప్పేది. మట్టి మూకుడులో మాంసం కూర, ఉల్లిపాయ, ఉడికిన గుడ్డు పరిచి, పైన రుబ్బిన లేత మొక్కజొన్న పోసి పొయ్యిలో కాలుస్తారు. సుధేష్ణ కోసం ఎలేనా ఆవుమాంసం బదులు కోడిమాంసం వేసేది. "తియ్యగా ఉంటది బావా, జీలకర్ర వాసనతో. ఈ వైన్‌తో అది భలే కుదిరింది" అనేది.

ఇక్కడ మహీధర్ తన వంటలు పెట్టి చూశాడు. రుచి చెప్పేది నూలా. డబ్బా మెట్టు మీద పెట్టి వచ్చేవాడు, మర్నాడు తీర్పు వచ్చేది. షానన్ పక్క పచ్చిక మైదానాల్లో పుల్లటి ఆకు ఒకటి పెరుగుతుంది, గోంగూరకు దగ్గరగా ఉంటుంది. దాంతో మటన్ వండాడు. "కూర గ్రాండ్" అంది నూలా. "వైన్ మాత్రం దాని పక్కన నీళ్లయిపోయింది." పులుపు ఆ వైన్‌కు పడదని తెలిసింది. నెల్లూరు కారంతో వేపుడు చేసి ఇస్తే "గొంతు మండిపోయింది, రెండు గ్లాసులు మంచినీళ్లు తాగాను" అంది. చివరికి క్యాప్సికంలో వేరుశనగపప్పు, నువ్వులు, జీలకర్ర దంచిన పొడి కూరి, సన్న మంట మీద మగ్గించి ఇచ్చాడు. ఆ రాత్రే ఫోన్ చేసింది నూలా. "దీన్ని దాచుకోకు. ఇది కొనేవాళ్లకు చెప్పు."

చెప్పాడు. హోటళ్లు మూసి ఉన్నాయి, జనం ఇళ్లలోనే వండుకుంటున్నారు, దీంతో ఏం తినాలని అందరూ అడిగేవారు. గొర్రెమాంసం కాలుస్తున్నవాళ్లకు జీలకర్ర, మిరియాలు దంచి రుద్దమనేవాడు. మాంసం తిననివాళ్లకు వంకాయో క్యాప్సికమో కాల్చుకోమనేవాడు. ఆ వేసవిలో అత్లోన్‌లో కార్మెనేర్ ఇదివరకెన్నడూ లేనంత అమ్ముడుపోయిందని నూలా నాతో అంది. మహీధర్‌కు ఆ సంతోషం కొంతే. ఒక్కొక్క సీసా కాగితంలో చుట్టి ఇస్తుంటే, అది సుధేష్ణ ఉన్న చోటి నుంచి ఇంత దూరం వచ్చింది కదా, ఆమె ఎందుకు రాలేకపోతోంది అనిపించేదట. "సీసాకి వీసా అడగరు సార్" అన్నాడు ఒకసారి నాతో. నవ్వలేదు.

జూలైలో ఎలేనాకు జబ్బు చేసింది. అన్నగారికి డెబ్బై ఎనిమిది, ఆయన దగ్గరికి వెళ్లకూడదు. ఆసుపత్రిలో మంచం లేదు. సుధేష్ణే ముక్కుకు గుడ్డ కట్టుకుని గది గుమ్మంలోంచి గంజి అందించింది, జ్వరం చూసింది. రాత్రుళ్లు గోడకు ఇవతల పడుకుని దగ్గు వింటూ ఉండేది. ఎలేనా బతికింది, ఊపిరితిత్తులు మాత్రం బలహీనపడిపోయాయి. ఆ వారాల్లో సుధేష్ణను వెనక్కి రమ్మని మహీధర్ ఒక్కసారి కూడా అనలేదు. అనాలని నాలుక చివరి దాకా వచ్చేది.

సెప్టెంబర్‌లో ఒక విమానం దొరికింది. మహీధర్ ఇల్లంతా కడిగాడు, పరుపు ఎండలో వేశాడు, పప్పు నానబెట్టాడు. సుధేష్ణ సాంటియాగో విమానాశ్రయం నుంచి ఫోన్ చేసింది. చుట్టూ జనం గోల. ఆమె ఐర్లండ్ నివాస కార్డు గడువు వేసవిలోనే అయిపోయింది. ఇక్కడి ప్రభుత్వం గడువు పొడిగించింది, కానీ కార్డు మీద పాత తేదీయే ఉంది. కౌంటర్‌లోని అమ్మాయి ఆ తేదీ చూసి ఎక్కించుకోనంది. ఫోన్‌లో ప్రభుత్వ ప్రకటన చూపించినా వినలేదు.

"పెట్టె తిరిగి ఇచ్చేసినారు బావా" అంది. "ఆ పెట్టె మీదే కూర్చోనుండా."

"ఏం తిన్నావు?"

"ఏం తిన్లా."

"ముందు ఏదన్నా తిను. తిని, ఎలేనా దగ్గరికి పో."

నానబెట్టిన పప్పు ఏం చేశావని నేను అడిగితే, రుబ్బి గారెలు వేసి పైన నూలాకూ, పక్కింటివాళ్లకూ పంచేశానన్నాడు. ఒక్కటి కూడా తాను తినలేదు.

ఆ తర్వాత కొత్త కార్డు కోసం కాగితాలు పెట్టారు. జనవరిలో దక్షిణ అమెరికా నుంచి వచ్చేవాళ్ల మీద ఆంక్షలు ఇంకా బిగిశాయి. ఆ చలికాలం మహీధర్ సన్నబడ్డాడు. అక్కడ ఎండాకాలం, ఆమె వీడియోల్లో తోటలు పచ్చగా ఉండేవి, ఆమె మొహం నల్లబడింది, మధ్యమధ్య స్పానిష్ మాటలు దొర్లేవి. ఏదైనా పేరు మర్చిపోతే మొదట స్పానిష్‌లో వచ్చేది, తర్వాత తెలుగు వెతుక్కునేది. అతను నవ్వేవాడు. లోపల ఒక భయం మాత్రం మెల్లగా పెరిగింది, ఎక్కువ రోజులైతే ఆమెకు ఇక్కడి కంటే అక్కడే ఇల్లయిపోతుందేమో అని. పెరట్లో కూర్చుని ఎలేనా జడ దువ్వుతూ మాట్లాడే సుధేష్ణ అతనికి తెలియని మనిషిలా కనిపించేది.

ఏప్రిల్‌లో కాగితాలు వచ్చాయి. జూన్‌లో బయల్దేరింది. చిలీ నుంచి వచ్చేవాళ్లు దిగగానే డబ్లిన్‌లో ఒక హోటల్లో రెండు వారాలకు కాస్త తక్కువగా బందీగా ఉండాలి. విమానాశ్రయంలో కూడా ఎదురెళ్లడానికి వీల్లేదు, నేరుగా బస్సులో హోటల్‌కు తీసుకుపోయారు.

మర్నాడు మహీధర్ అత్లోన్ నుంచి రైలెక్కి డబ్లిన్ వెళ్లాడు. అక్కణ్ణించి బస్సు. హోటల్ వెనక కార్ల స్థలంలో నిలబడి ఫోన్ చేశాడు.

"ఏ పక్కన నువ్వు?"

"నాలుగో అంతస్తు. ఎడమ పక్క చివర నించి మూడో కిటికీ. తెల్ల కర్టెన్ ఊపుతా చూడు."

కర్టెన్ కదిలింది. అద్దం వెనక ఒక ఆకారం, చెయ్యి. ఎండ అద్దం మీద పడి మొహం కనబడలేదు. ఒకటిన్నర సంవత్సరం తర్వాత ఆమెను చూడటం అలా జరిగింది.

"చిక్కిపొయ్యినావు బావా" అంది ఫోన్‌లో.

"ఆడ నించి నీకేం కనబడతా ఉంది?"

"నడక కనబడతా ఉంది గదా."

ఎంతసేపు నిలబడ్డాడో అతనికీ గుర్తులేదు. చివరికి కాపలా మనిషి ఒకతను వచ్చి, ఇక్కడ ఉండకూడదు అని మర్యాదగా చెప్పాడు. చెప్పి, పైకి చూసి, "పది నిమిషాలు" అని అటు తిరిగి వెళ్లిపోయాడు. ఆ పది నిమిషాలూ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒకళ్ల ఊపిరి ఒకళ్లు విన్నారట.

ఆమె ఇంటికొచ్చిన రోజు వాన. నేనూ, వర్షిణీ గుమ్మం బయట గొడుగులతో నిలబడి పలకరించి వచ్చేశాం. తర్వాత సంగతులు మహీధర్ చెప్పాడు. మొదటి కొన్ని రోజులు ఇద్దరూ కొత్త కాపురంలా మొహమాటపడ్డారు. ఆమె రాత్రి లేచి నీళ్లకు వంటింట్లోకి వెళితే స్విచ్ ఎక్కడుందో తడుముకునేది. అతను ఒక్కడే మాట్లాడుకునే అలవాటు పడ్డాడు, ఆమె "ఏంది?" అంటే ఉలిక్కిపడేవాడు. క్రమంగా అవన్నీ సర్దుకున్నాయి. ఒక్కటి మాత్రం సర్దుకోలేదు.

ఆగస్టులో ఒక సాయంత్రం అతను దుకాణం నుంచి వచ్చేసరికి సుధేష్ణ వెనక గుమ్మంలో కూర్చుని వానను చూస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది?"

"ఏం లేదు. ఈడ కొండలు లేవు గదా బావా."

అతను పక్కన కూర్చున్నాడు. అన్ని నెలలు తాను ఇటువైపు ఒక్కడే మోసిన దిగులు ఇప్పుడు ఆమె కళ్లలో కనిపించింది. అది తన గురించి కాదు. ముందు నొచ్చుకున్నానని అతను దాచకుండా చెప్పాడు. ఇన్నాళ్లు ఎదురుచూసింది ఇందుకా అనిపించిందట. తర్వాత, ఎలేనా దగ్గు వింటూ గోడకు ఇవతల పడుకున్న ఆ రాత్రులు గుర్తొచ్చాయి. ఆ దగ్గు అతనూ ఫోన్‌లో విన్నాడు.

"పోవాలని ఉందా?"

"ఉంది." మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, "వచ్చేయాలని కూడా ఉన్నింది ఆడ ఉన్నప్పుడు. ఇప్పుడు పోవాలని ఉంది. ఏంది బావా ఇది?"

"నాకేం తెలుసు. ఏడవాలంటే ఏడువు. నేను ఈడనే ఉంటా."

హోటల్ మళ్లీ తెరిచినా మహీధర్ వంటింటికి తిరిగి వెళ్లలేదు. నూలా దుకాణంలోనే ఉన్నాడు. ఆవిడ ఇప్పుడు కిందికి దిగుతోంది, కౌంటర్ పక్కన కుర్చీలో కూర్చుంటుంది. జయమ్మకు కొడుకు అమ్మేది ఏమిటో సుధేష్ణే చెప్పింది. ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు, తర్వాత ఫోన్ చేసి "తాగి దుకాణానికి వచ్చినోడికి అమ్మమాక, అంతే" అందట. అతను అమ్మడు. అది నూలా నియమం కూడా.

ప్రతి ఆదివారం సాయంత్రం సుధేష్ణ వంటింట్లో కుర్చీ వేసుకుని ఎలేనాకు ఫోన్ చేస్తుంది. ఆవిడ గొంతు ఏడాదికేడాదికీ సన్నబడుతోంది, మధ్యలో ఊపిరి కోసం ఆగుతుంది, ఆ ఆగినంతసేపూ సుధేష్ణ కదలకుండా ఉంటుంది. మహీధర్ ఆ వేళకు టీవీ కట్టేస్తాడు. బల్లకు అవతలి పక్కన కూర్చుని చిక్కుళ్లకు ఈనెలు తీస్తూ, తనకు అర్థంకాని ఆ భాష వింటూ ఉంటాడు.